గుర్రపు లాయంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో గుర్రం అనగానే చాలామందికి ఆర్కే బీచ్ గుర్తొస్తుంది. పిల్లవాణ్ణి ఎక్కించి, ఇసుకలో ఒక చుట్టు తిప్పించి, ఫోటో తీసుకుని దింపేయడం. మా లాయం భీమిలి వైపు, సముద్రానికి కాస్త లోపలగా ఉంది. ఇక్కడ కొన్ని గుర్రాలు మావి, వాటి మీద స్వారీ నేర్పుతాం. మిగతావి వేరేవాళ్ళవి, నెలకింత అని కట్టి మా దగ్గర బోర్డింగ్‌లో ఉంచినవి. ఫోన్లోనూ గేటు దగ్గరా రోజూ వినిపించే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఒకచోట రాసి పెట్టాం. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. అవి గుర్రం ప్రాణానికి సంబంధించినవి కాబట్టి ఓపిగ్గా చదవమని మనవి.

మొదటి రోజే గుర్రం ఎక్కిస్తారా?

ఎక్కిస్తాం, కానీ ఆఖరి పదిహేను నిమిషాలే. మొదటి క్లాసు గంటసేపు. అందులో ముప్పావు గంట నేల మీదే గడుస్తుంది. "మేం డబ్బులు కట్టింది స్వారీకి కదండీ" అని అమ్మానాన్నలు అడుగుతుంటారు. నేల మీద గుర్రంతో కుదిరినవాళ్ళకే పైన కూడా కుదురుతుంది. ఇన్నేళ్ళలో దీనికి తేడా వచ్చినవాళ్ళను మేం చూడలేదు.

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకని దానికి దాదాపు చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది. నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోకకు సరిగ్గా వెనక మాత్రం కనిపించదు. చప్పుడు లేకుండా వెనక నుంచి వెళ్ళి తట్టారనుకోండి, ఎవరో ఏమిటో చూసుకోకుండా ముందు తన్నేస్తుంది. అది దాని పొగరు కాదు, భయం. క్రూరమృగాలకు ఆహారమై బతికిన జాతి కాబట్టి ముందు పారిపోవడం, తర్వాత ఆలోచించడం దానికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. అందుకే ఎడమ భుజం వైపు నుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళడం మొదట నేర్పిస్తాం. చెవులు ముందుకు నిక్కితే దేన్నో గమనిస్తోందని అర్థం. వెనక్కి, తలకు అంటుకుపోయినట్టు పడుకోబెడితే దూరం జరగమని చెబుతోందన్నమాట.

తర్వాత ఒళ్ళంతా బ్రష్ చేయడం, ఆ తర్వాత డెక్కలు శుభ్రం చేయడం. మా పెద్ద గుర్రం పేరు బెల్లం, అనకాపల్లి దిమ్మ రంగులోనే ఉంటుంది. దాని ముంగాలి వెంట చెయ్యి కిందికి జార్చి, చీలమండ పైన మెల్లగా నొక్కితే కాలు తనే ఎత్తి మీ అరచేతిలో పెడుతుంది. లోపల ఎర్రమట్టి, లద్ది, చిన్న రాళ్ళు గట్టిగా కూరుకుని ఉంటాయి. ఇనుప కొక్కెంతో మడమ వైపు నుంచి వేళ్ళ వైపుకు గీరాలి. మట్టి పెచ్చులుగా ఊడిపోయాక మధ్యలో త్రికోణం ఆకారంలో, రబ్బరులా నొక్కుకుపోయే భాగం కనిపిస్తుంది. గుర్రం అడుగు వేసినప్పుడు దెబ్బను తట్టుకునేది అదే. దాని పక్క సందుల్లో నల్లటి జిగురు, కుళ్ళు వాసన ఉంటే డెక్క కుళ్ళు మొదలైందని గుర్తు. వానాకాలంలో ఈ వాసనను మాకంటే ముందు కనిపెట్టిన ఎనిమిదేళ్ళ పిల్లలు ఉన్నారు. అలా కనిపెట్టిన పిల్లలు ఆ రోజు గుర్రం ఎక్కకపోయినా వాళ్ళ క్లాసు వృథా కాలేదు.

ఏ వయసు నుంచి నేర్చుకోవచ్చు?

ఏడేళ్ళు నిండాక. అంతకన్నా చిన్నపిల్లల కాళ్ళు జీను పక్కల కిందికి దిగవు, నడుములో పట్టు ఉండదు. పై వయసుకు హద్దు లేదు. అరవై దాటినవాళ్ళూ వస్తున్నారు. నడుంనొప్పి, మోకాళ్ళ ఆపరేషన్ లాంటివి ఉంటే మీ డాక్టరుగారిని అడిగి రండి. గర్భిణులకు స్వారీ వద్దు.

బరువుకు ఏదైనా పరిమితి ఉందా?

ఉంది. జీనుతో కలిపి గుర్రం మీద పడే బరువు దాని బరువులో ఐదో వంతుకు మించకూడదు. 400 కిలోల గుర్రమైతే 80 కిలోలు, జీనుకు కొంత పోగా మనిషికి 70 చిల్లర. అది దాని వెన్నెముక లెక్క, దయచేసి ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. బరువు ఎక్కువున్నవాళ్ళకు నేల మీద నుంచి పొడుగు తాడుతో గుర్రాన్ని ఆడించడం, నడిపించడం నేర్పిస్తాం. అది కూడా పూర్తి విద్యే.

ఏం వేసుకుని రావాలి?

ఒంటికి పట్టి ఉండే ప్యాంటు, కొద్దిగా మడమ ఉన్న మూసిన బూట్లు. మడమ లేకపోతే పాదం రికాబులోంచి, అంటే జీనుకు వేలాడే పాదం మోపే కడియంలోంచి, ముందుకు దూరిపోతుంది. పడినప్పుడు ఆ కాలు రికాబులో ఇరుక్కుపోవడం అన్నిటికంటే ప్రమాదం. చున్నీ, వేలాడే చెవిపోగులు, మెడలో గొలుసు తీసి కారులో పెట్టండి. హెల్మెట్ మేమిస్తాం. బైకు హెల్మెట్ తెచ్చుకోకండి. అది బరువు, పక్కలు కనిపించనివ్వదు.

ఎన్నాళ్ళలో వస్తుంది?

వారానికి రెండు క్లాసులు మానకుండా వస్తే నడక, ట్రాట్ మీద ధీమా రావడానికి మూడు నాలుగు నెలలు. ట్రాట్ అంటే గుర్రం ఎదురెదురు మూలల కాళ్ళు జతగా వేస్తూ పోయే దుడుకు నడక. ఆ తాళానికి జీను మీద లేస్తూ కూర్చుంటూ ఉండాలి. మొదట్లో అందరి నడుములూ కుదేలవుతాయి. ఒకరోజు హఠాత్తుగా ఒళ్ళు ఆ తాళం పట్టేసుకుంటుంది. క్యాంటర్, అంటే ట్రాట్ కంటే వేగమైన పరుగు, ఆ తర్వాత సంగతి. నెలరోజుల్లో గుర్రాన్ని దౌడు తీయించాలని వచ్చేవాళ్ళను మేం చేర్చుకోం.

మొదటి పది క్లాసులూ గుర్రం మా చేతిలోని పొడుగు తాడు మీదే గుండ్రంగా తిరుగుతుంది. పగ్గాలు మీకివ్వం. పగ్గాల చివర ఉన్నది కళ్ళెం, అది ఉండేది గుర్రం నోట్లో, నాలుక మీద. ఒరిగిపోతున్నప్పుడు పగ్గాలు పట్టుకుని వేలాడటం కొత్తవాళ్ళందరికీ అలవాటు. ఆ నొప్పి గుర్రానిది. ముందు చేతుల ఆధారం లేకుండా కూర్చోవడం రావాలి.

పడిపోతే?

పడతారు. ఎక్కువకాలం స్వారీ చేసినవాళ్ళలో పడనివారు లేరు. మెత్తటి ఇసుక పోసిన రింగులోనే నేర్పుతాం, పడేటప్పుడు పగ్గాలు వదిలేసి ముడుచుకుని దొర్లడం ముందే అలవాటు చేయిస్తాం. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకున్నట్టు చెప్పాకే చేర్చుకుంటాం. గుర్రాలు తిరిగే మట్టిలో ఆ క్రిమి ఉంటుంది. తలకు దెబ్బ తగిలితే మనిషి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్తాం, "ఏం పర్లేదండీ" అంటే వినం.

ఎండాకాలంలో క్లాసులు ఎందుకు తగ్గిస్తారు?

ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ గొడవ దీని గురించే. పిల్లలకు సెలవులు, తల్లిదండ్రులకు తీరిక, మేమేమో క్లాసులు సగానికి తగ్గిస్తాం.

మన ఊళ్ళో ఇబ్బంది ఎండతో మాత్రమే కాదు, ఉక్కతో. గుర్రం ఒళ్ళు చల్లబడేది చెమట ఆరడం వల్ల. సముద్రపు గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. గుర్రాలవాళ్ళకు ఒక మోటు లెక్క ఉంది. ఫారెన్‌హీట్‌లో వేడి ఎంతో, గాలిలో తేమ శాతం ఎంతో కలపాలి. మొత్తం 150 దాటితే జాగ్రత్తపడాలి, 180 దగ్గరికొస్తే పని ఆపేయాలి. 35 డిగ్రీల సెల్సియస్ అంటే 95 ఫారెన్‌హీట్. దానికి 70 శాతం తేమ కలిపితే 165. తెల్లవారుజామున వేడి తగ్గినా తేమ పెరుగుతుంది కాబట్టి అప్పుడు కూడా 150 దాటే రోజులు చాలా ఉంటాయి. ఎండ లేదు కనుక ఆ వేళలో నడక, కొద్దిగా ట్రాట్ చేయిస్తాం. ఉదయం ఆరు నుంచి ఏడున్నర, సాయంత్రం ఐదున్నర తర్వాత. అంతే.

కోస్తాల్లో గుర్రాలకు ఇంకో జబ్బు వస్తుంది. ఉక్కలో నెలల తరబడి ఉండి ఉండి కొన్నిటికి చెమట పట్టడమే ఆగిపోతుంది. పైకి పొడిగా, నున్నగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు చూసి "ఈ గుర్రానికి అలుపే లేదు" అనుకుంటారు. లోపల ఒళ్ళు కాలిపోతుంటుంది. ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంది. విశ్రాంతిలో గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీయాలి, జ్వరం కర్రతో చూస్తే 37.5 నుంచి 38.5 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకే క్లాసు అయ్యాక పిల్లల చేత ఊపిరి లెక్క పెట్టిస్తాం. డొక్క ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి.

పని అయ్యాక చన్నీళ్ళు పోయకూడదని పాతకాలం మాట ఒకటి ఉంది. పోయవచ్చు, పోయాలి. మెడ మీద, ఛాతీ మీద, తొడల మధ్య చల్లటి నీళ్ళు ఆపకుండా పోయడమే వేడి దించే దారి. తాగడానికి కూడా నీళ్ళు ఆపకూడదు.

బీచ్‌లో స్వారీకి తీసుకెళ్తారా?

బాగా వచ్చినవాళ్ళను, చలికాలంలో, తెల్లవారాక. రాత్రిపూట వెళ్ళం. మన తీరంలో జనవరి నుంచి కొన్ని నెలలపాటు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రుళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. ఆ గుడ్ల మీద గుర్రం డెక్క పడకూడదు. ఇంకో సంగతి, పొడి ఇసుకలో పరిగెత్తిస్తే గుర్రం కాళ్ళ వెనక స్నాయువులు (టెండన్లు) సాగిపోయి నెలల తరబడి కుంటుతుంది. అలలు తడిపి గట్టిపరిచిన చోట, నడకా ట్రాట్ మాత్రమే. ఇంటికొచ్చాక కాళ్ళకు మంచినీళ్ళతో ఉప్పు కడిగేస్తాం.

గుర్రాలు ఏం తింటాయి? మేం ఏమైనా తెచ్చి పెట్టవచ్చా?

ముందు గడ్డి, తర్వాతే దాణా. గుర్రం శరీరం రోజంతా కొంచెం కొంచెం మేయడానికి తయారైంది. కడుపు దాని ఒంటికి చాలా చిన్నది. ఒకేసారి తట్టెడు దాణా పోస్తే ప్రమాదం. బరువులో నూటికి రెండు వంతుల చొప్పున, అంటే 400 కిలోల గుర్రానికి రోజుకు 8 కిలోల దాకా ఎండు లెక్కన మేత కావాలి. నీళ్ళు 30, 40 లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. చెమటలో ఉప్పు పోతుంది కాబట్టి గళ్ళ ఉప్పు రోజూ పెడతాం.

మన రైతులకు అలవాటైన ఆవుల మేత గుర్రానికి అలాగే సరిపోదు. ఆవు నెమరు వేస్తుంది, గుర్రం వేయదు. వరిగడ్డిలో సత్తువ తక్కువ, ఎక్కువ తింటే పేగుల్లో ఉండకట్టుకుంటుంది. నేపియర్ గడ్డి పచ్చగా ఏపుగా ఉంటుంది, కోస్తే తట్టలకొద్దీ వస్తుంది. దానిలోని ఆక్సలేట్ అనే పదార్థం సున్నాన్ని (కాల్షియం) పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. దానికి తోడు తవుడు ఎక్కువ పెడితే గుర్రం తన ఎముకల్లోంచే సున్నం తీసుకుంటుంది. కొన్నాళ్ళకు ముఖం ఎముకలు ఉబ్బి, కుంటడం మొదలవుతుంది. మా దగ్గరికి అలాంటి గుర్రం ఒకటి వచ్చింది. పాత యజమాని ప్రేమగానే పెట్టాడు, రోజూ బకెట్టు తవుడు. అందుకే మేం నేపియర్ కొంచెమే వాడతాం. గరిక దొరికితే మాకు పండగే, గరికను మించిన గడ్డి గుర్రానికి లేదు.

దాణాలో ఉలవలు ఉంటాయి. మన ఉత్తరాంధ్ర మెట్ట పంట, గుర్రాలకు తరతరాల తిండి. నానబెట్టి ఉడికించి, గుగ్గిళ్ళలా వేలితో నొక్కితే చితికేలా చేసి, కొద్దికొద్దిగా. పచ్చివి పెట్టం. వానాకాలంలో పనివాళ్ళకు ఇచ్చే మొదటి ఆజ్ఞ: మేత చేతిలోకి తీసుకుని వాసన చూడకుండా ఏదీ తొట్లో వేయకూడదు. బూజు పట్టిన గడ్డి ఆవు తట్టుకోవచ్చు, గుర్రం తట్టుకోలేదు.

మీరు తెచ్చేవాటిలో క్యారెట్ ముక్కలు సరే. నిలువుగా, వేలంత పొడుగు కోయండి, గుండ్రంగా కోస్తే గొంతులో అడ్డం పడతాయి. బెల్లం ముక్క నిమ్మకాయంత, అదీ అడిగి. గుడి ప్రసాదం, బ్రెడ్డు, పెళ్ళి భోజనంలో మిగిలిన అన్నం తేకండి. అరచెయ్యి పూర్తిగా చాపి పెట్టండి, వేళ్ళు ముడిస్తే వాటినీ క్యారెట్ అనుకుంటుంది.

నా గుర్రాన్ని మీ దగ్గర బోర్డింగ్‌లో ఉంచాలంటే?

ముందు గ్లాండర్స్ పరీక్ష నెగెటివ్ వచ్చిన కాగితం కావాలి. ఇది గుర్రాల నుంచి మనుషులకు కూడా అంటుకునే జబ్బు. చట్ట ప్రకారం ప్రభుత్వానికి తెలపాల్సింది. దీని పరీక్షకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పెద్ద దిక్కు. మీ పశువైద్యుడికి నమూనా పంపే పద్ధతి తెలిసి ఉంటుంది. ధనుర్వాతం టీకా వేయించి ఉండాలి. వచ్చాక మూడు వారాలు విడిగా ఉంచుతాం, ఆ బకెట్టు, బ్రష్ వేరే గుర్రానికి వాడం. మీ గుర్రం ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఇది తప్పదు. మిగతావాళ్ళ గుర్రాల కోసం ఇది.

నెలవారీ డబ్బులో మేత, దాణా, లాయం శుభ్రం, రోజూ మాలీష్, రోజుకు కనీసం నాలుగు గంటలు బయట వదలడం వస్తాయి. లాడాలు కొట్టే మేస్త్రీ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వస్తాడు, ఆ ఖర్చు విడిగా. డాక్టరు ఫీజు, మందులు విడిగా. ఏడాదికోసారి పళ్ళు ఆకురాయితో అరగదీయించాలి. గుర్రం పళ్ళు జీవితాంతం బయటికి వస్తూనే ఉంటాయి, అంచులు వాడిగా తేలి బుగ్గలు కోసుకుపోతాయి. గుర్రం దాణా నమలకుండా నోట్లోంచి జారవిడుస్తుంటే పొగరనుకోకండి, నోరు చూడండి.

వానలు పడ్డాక జోరీగలు వస్తాయి. వాటి కాటుతో సర్రా అనే రక్తపు జబ్బు పాకుతుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, కాళ్ళు వాస్తాయి, తింటున్నా చిక్కిపోతుంది. అందుకే ఆ కాలంలో వారానికి రెండుసార్లు జ్వరం చూసి నోట్ పుస్తకంలో రాస్తాం. ఆ పుస్తకం ఎప్పుడడిగినా చూపిస్తాం. చూపించని లాయంలో మీ గుర్రాన్ని ఉంచకండి.

మా అబ్బాయికి గుర్రం కొనిపెట్టాలని ఉంది. సలహా?

ఏడాది క్లాసులు అయ్యేదాకా వద్దు. ఆ తర్వాత కూడా ఒక్క లెక్క చూసుకోండి. గుర్రం పాతికేళ్ళు పైగా బతుకుతుంది. ఏడో తరగతి పిల్లాడికి ఆరేళ్ళ గుర్రం కొన్నారనుకోండి. మూడేళ్ళలో పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్, కోచింగ్, హాస్టల్. అబ్బాయి సెలవులకు వచ్చి చూసి పోతాడు. గుర్రం మాత్రం ఇక్కడే రోజూ గేటు వైపు చూస్తూ ఉంటుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు మన పెద్దలు. ముసలిదైనా, కుంటిదైనా, ఎక్కేవాళ్ళు లేకపోయినా ఖర్చు అంతే.

మాకు ఇది బాధ కలిగించే సంగతి, అందుకే గట్టిగా చెబుతున్నాం. ఫోన్లు ఎత్తడం మానేసిన యజమానుల గుర్రాలు మా దగ్గర ఉండిపోయాయి. వాటిని మేం వదల్లేదు, వదలం. కొనే ముందు ఇంట్లో పెద్దవాళ్ళలో ఎవరికైనా సొంతంగా గుర్రం అంటే ఇష్టం ఉందా అని చూసుకోండి. ఉంటే కొనండి. పిల్లాడి ఇష్టం ఒక్కటే ఆధారమైతే మా గుర్రాల్లో ఒకదాన్ని నెలవారీ పంచుకునే పద్ధతి ఉంది. వారానికి మూడు రోజులు అది అతనిదే. మాలీష్, డెక్కలు, జీను, అన్నీ అతని పని.

రాత్రి గుర్రానికి జబ్బు చేస్తే ఏం చేస్తారు?

గుర్రాలను ఎక్కువగా చంపేది శూల, డాక్టర్లు కోలిక్ అంటారు. కడుపునొప్పే. కానీ గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్ళినదానికి ఒకటే దారి. ఆ దారి మూసుకుంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఒక కార్తీకమాసం రాత్రి పదింటికి మా గౌరి దాణా సగం వదిలేసింది. ఎప్పుడూ తొట్టి నాకేసే గుర్రం. ముంగాలితో నేల గీరుతోంది, మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది, పడుకుంటోంది, లేస్తోంది. డొక్కకు చెవి ఆనించి విన్నాం. మామూలుగా అక్కడ నీళ్ళు కదిలినట్టు, దూరంగా ఉరిమినట్టు చప్పుడు వినిపిస్తుంది. ఏమీ లేదు. దవడ కింద నాడి చూస్తే నిమిషానికి 60. నిలబడ్డ గుర్రానికి 28 నుంచి 44 ఉండాలి. మేత తీసేసి, డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా మెల్లగా నడిపించాం. దొర్లడానికి పడబోతే లేపుతూ ఉన్నాం. ఆయన ఒంటిగంటన్నరకు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి నూనె పోశారు. తర్వాత చేసేదేమీ లేదు, చూడటమే. తెల్లవారుతుండగా గౌరి తోక ఎత్తి నాలుగు ఉండలు లద్ది వేసింది. గుర్రాలను చూసుకునే మా సైసు అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

కారణం ఆ వారం మార్చిన గడ్డి. పాత మేత అయిపోయింది, కొత్త లోడు వచ్చింది, కలపకుండా ఒక్కరోజులో మార్చేశాం. అది మా తప్పు. అప్పటినుంచి ఏ మేత మార్చినా పది రోజులు పాతదానిలో కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ కలుపుతాం.

బోర్డింగ్ కాగితంలో ఒక షరతు ఉంది: యజమాని ఫోన్ ఎత్తకపోయినా డాక్టరును పిలిచే హక్కు మాది. దానికి ఒప్పుకోనివాళ్ళ గుర్రాన్ని తీసుకోం. ఇంట్లో ఉన్న గుర్రానికి ఇలా అయితే వాము నీళ్ళు, ఆవదం సీసాతో నోట్లో పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే శూల కంటే పెద్ద ప్రమాదం. పశువైద్యుణ్ణి పిలవండి. మన ప్రాంతంలో గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది.

తుఫాను వస్తే?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మా రేకుల కప్పు పేకముక్కల్లా ఎగిరిపోయింది. గుర్రాలను లాయంలో కట్టేసి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు. ముందురోజు సాయంత్రమే తాళ్ళు విప్పి, చెట్లూ కరెంటు స్తంభాలూ లేని ఖాళీ స్థలంలోకి వదిలాం. గాలికి తోకలు తిప్పి, తలలు దించి, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఒకదానికి రేకు గీసుకుంది, అంతే. తర్వాత కష్టం నీళ్ళది. కరెంటు లేదు, మోటారు ఆడదు, గుర్రానికి రోజుకు 40 లీటర్లు. ఇప్పుడు అక్టోబర్ మొదలవకముందే ట్యాంకులు కడిగి నింపి ఉంచుతాం, చేతి పంపు వేయించాం, ప్రతి గుర్రం మెడ పట్టీకి ఫోన్ నంబరు రాసిన బిళ్ళ కడతాం.

దీపావళి టపాసులకు, నేవీ విమానాలకు బెదరవా?

బెదురుతాయి. దీపావళి రాత్రి అందరం లాయంలోనే ఉంటాం. దీపాలన్నీ వేసి, మేత నిండుగా పెట్టి, రేడియో పెద్దగా పెడతాం. డిసెంబర్ 4 నేవీ డే ముందు కొన్ని రోజులు జెట్ విమానాలు రిహార్సల్ చేస్తుంటే ఆ వేళల్లో ఎవర్నీ ఎక్కించం. ఇక్కడే పెరిగినవి కొంత అలవాటుపడ్డాయి. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవి ఒక ఏడాది తీసుకుంటాయి.

పెళ్ళి ఊరేగింపుకు గుర్రం ఇస్తారా?

ఇవ్వం. బ్యాండు, టపాసులు, చుట్టూ జనం, సిమెంటు రోడ్డు, పైన స్వారీ రాని పెళ్ళికొడుకు.

నల్ల గుర్రం లాడం కావాలి, ఇస్తారా?

శనివారాలు దీనికోసమే పదిమంది వస్తారు. శని దోషానికి ఉంగరం చేయించుకోవడానికో, గుమ్మానికి కొట్టుకోవడానికో. మీ నమ్మకాన్ని గౌరవిస్తాం. మేస్త్రీ లాడాలు మార్చిన రోజు అరిగిపోయినవి ఒక పెట్టెలో వేసి ఉంచుతాం. ఉంటే ఊరికే తీసుకెళ్ళండి, డబ్బులొద్దు. వేసి ఉన్న లాడాన్ని మీకోసం పీకం. మేకులు పీకితే డెక్క అంచు పెచ్చులూడుతుంది, ఆ గుర్రం నెలరోజులు సరిగ్గా నడవలేదు. నల్ల గుర్రం ఒకటే ఉంది, దానికి నాలుగు కాళ్ళే.

గుర్రాలు నిలబడే నిద్రపోతాయా?

కునికిపాట్లు నిలబడి, గాఢనిద్ర పడుకుని. పడుకోవాలంటే అక్కడ భయం ఉండకూడదు. మధ్యాహ్నం ఇసుకలో ఒళ్ళు చాచి పడుకున్న గుర్రాన్ని చూసి "చచ్చిపోయిందండీ" అని పరిగెత్తుకొచ్చేవాళ్ళుంటారు. అలా పడుకుందంటే మాకు సంతోషం. పక్కన ఇంకో గుర్రం నిలబడి కాపలా కాస్తుంటుంది, గమనించండి.

పోటీలకు పంపిస్తారా? దీనిలో భవిష్యత్తు ఉందా?

మన దేశంలో ఈ ఆట పెరుగుతోంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఫువాద్ మీర్జా వ్యక్తిగత రజతం గెలిచారు, టోక్యో ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్ళి 23వ స్థానంలో నిలిచారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రం చేత చెప్పిన కదలికలు పొందికగా చేయించే పోటీలో, జట్టు స్వర్ణం తెచ్చారు. ఈ క్రీడలో 41 ఏళ్ళ తర్వాత వచ్చిన స్వర్ణం అది. అయితే ఆ స్థాయికి వెళ్ళేవాళ్ళు ఏళ్ళకొద్దీ విదేశాల్లో శిక్షణ తీసుకుంటారు, గుర్రాల ధర లక్షల్లో, కోట్లలో ఉంటుంది. ఖర్చు లేని దారి కావాలంటే కాలేజీలో ఎన్‌సీసీ అశ్వదళ విభాగం గురించి కనుక్కోండి, అది ఉన్న ఊళ్ళలో క్యాడెట్లకు స్వారీ నేర్పుతారు. మా దగ్గర నేర్చుకున్న ఇద్దరు పిల్లలు పశువైద్యం చదువుతున్నారు. మాకు అది పతకంతో సమానం.

లద్ది ఎరువుగా ఇస్తారా?

మిద్దె తోటలవాళ్ళు, రండి. పచ్చిది మొక్కకు వేయకండి, వేడి చేస్తుంది, కలుపు గింజలు మొలుస్తాయి. మూడు నాలుగు నెలలు మాగిన కుప్ప వెనక గోడ దగ్గర ఉంది. సంచి మీరే తెచ్చుకోండి.

ఊరికే చూడటానికి రావచ్చా?

రావచ్చు. సాయంత్రం నాలుగు గంటలకు రండి, దాణా వేళ. ఉలవలు ఉడికిన వాసన మలుపు దగ్గరే తెలుస్తుంది. బకెట్టు చప్పుడు వినగానే ముందు గౌరి సకిలిస్తుంది, తర్వాత వరసగా అన్నీ. తినేటప్పుడు మాత్రం వాటిని ముట్టుకోకండి, చుట్టూ పరిగెత్తనివ్వకండి, కుక్కల్ని తేకండి. లోపలికి వచ్చాక గేటు గొళ్ళెం పెట్టి, ఒకసారి లాగి చూడండి.